15 రౌండ్ల కోసమే ఉంచుకున్న గేమ్

ఈ ఫోన్ బాక్సింగ్ గేమ్‌లో గ్రాఫిక్స్ గురించీ, ఎవరెవరు బాక్సర్లు ఉన్నారన్నదాని గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాసేది ఒక్క సెట్టింగ్ గురించి. రూల్స్ మెనూలో బాగా కిందకి వెళ్తే రౌండ్ల సంఖ్య కనిపిస్తుంది. మామూలుగా 12 ఉంటుంది. దాన్ని 15 చెయ్యండి. పాతకాలంలో టైటిల్ పోటీలు 15 రౌండ్లు ఉండేవి. వేరే వేరే కాలాల హెవీవెయిట్‌లను ఎదురెదురుగా నిలబెట్టే గేమ్‌లో ఆ ఒక్కటీ లేకపోతే పాతవాళ్లకి అన్యాయం చేసినట్టే. చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మాది రాయగడ. షాపు కట్టేసి ఇంటికొచ్చాక, మా బావకి పేపర్ మిల్లులో నైట్ షిఫ్ట్ లేకపోతే, ఇద్దరం ఫోన్‌ని టీవీకి తగిలించి కూర్చుంటాం. మేం చేత్తో ఆడేది తక్కువ. ఇద్దరు బాక్సర్లనూ కంప్యూటర్‌కే వదిలేసి చూడడం మాకిష్టం. బావ మైక్ టైసన్ మనిషి. నాకు 1950ల హెవీవెయిట్ చాంపియన్ రాకీ మార్సియానో అంటే ప్రాణం. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. అలాంటి మనిషి ఈ గేమ్‌లో ఎవరితో పెట్టినా నాకౌట్ లేకుండా జడ్జీలిచ్చే పాయింట్ల మీద ఓడిపోతుంటే నాకు ఒళ్లు మండేది. తీసిపారేద్దామనుకున్నాను కూడా.

తీసేసే ముందు, ఫలితం ముందే తెలిసిన పోటీ ఒకటి పెట్టి చూశాను. 1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. చాంపియన్ జెర్సీ జో వాల్కాట్, మీదకొచ్చినవాడు మార్సియానో. అసలు పోటీలో మొదటి రౌండ్‌లోనే మార్సియానో కింద పడ్డాడు. 12 రౌండ్లు అయ్యేసరికి మూడు స్కోరు కార్డుల్లోనూ వాల్కాటే ముందున్నాడు. 13వ రౌండ్‌లో మార్సియానో కుడిచేతి దెబ్బ ఒక్కటి దవడకి తగిలింది. వాల్కాట్ తాడు పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు. పది లెక్కపెట్టేలోపు లేవలేకపోయాడు.

గేమ్‌లో 12 రౌండ్లకి ఆడిస్తే గెలిచింది వాల్కాట్. అప్పుడు వెలిగింది నాకు. గేమ్ లెక్క బాగానే ఉంది. ఆ రాత్రి ఫిలడెల్ఫియాలో 12కే గంట కొట్టేసి ఉంటే జరిగేది అదే కదా! మెనూ అంతా వెతికి 15 పెట్టాను. మళ్లీ మొదలు. 11వ రౌండ్ దాకా మామూలే, వాల్కాట్ తప్పించుకుంటూ పాయింట్లు ఏరుకుంటున్నాడు. 12 అయ్యేసరికి అతని పాదాలు బరువెక్కాయి. పక్కకి జరగాల్సినచోట నిలబడిపోతున్నాడు. ఎడమచెయ్యి గడ్డం దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. బావ మిక్చర్ పొట్లం పక్కన పెట్టేసి ముందుకి వంగాడు. 13 గడిచిపోయింది. 14లో వచ్చింది ఆ కుడిచెయ్యి. అచ్చం అప్పటిలా తాడు మీద పడలేదు గానీ, పడ్డాడు. నేను అరిచిన అరుపుకి మా ఆవిడ లేచి వచ్చింది.

ఆ తర్వాత ఇలాంటివే వెతికి మరీ పెట్టాను. 1941 జూన్‌లో బిల్లీ కాన్ 12 రౌండ్ల దాకా మూడు స్కోరు కార్డుల్లో రెండింటిలో చాంపియన్ జో లూయిస్ కంటే ముందున్నాడు, 13లో నాకౌట్ అయ్యాడు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ ఎడమ హుక్‌కి (పక్కనుంచి తిప్పి కొట్టే దెబ్బకి) మహమ్మద్ అలీ కిందపడింది 15వ రౌండ్‌లో. 1978లో లారీ హోమ్స్, కెన్ నార్టన్ ఇద్దరూ 14 రౌండ్లయ్యాక సరిసమానం, ఆఖరి 3 నిమిషాలే టైటిల్ ఎవరిదో తేల్చాయి. అప్పటివాళ్లు చివరి మూడు రౌండ్లకి ఊపిరి దాచుకుని ఆడేవాళ్లు. ఆ మూడూ కోసేసి 'ఎవరు గొప్ప' అని అడిగితే ఏం న్యాయం?

12కి తగ్గించింది ఊరికే కాదు, అదీ చెప్పాలి. 1982 నవంబర్‌లో లైట్‌వెయిట్ టైటిల్ పోటీలో 14వ రౌండ్‌లో పడిపోయిన కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ కొద్దిరోజులకే చనిపోయాడు. ఆ తర్వాత మొదట టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ, 1980ల చివరికల్లా మిగతా సంస్థలూ 12కి వచ్చేశాయి. నిజం రింగ్‌లో 15 మళ్లీ రాకూడదనే నా కోరిక. తెర మీద మాత్రం కావాలి.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని లోటు మాటలు. 15 పెట్టగానే ఇప్పటి బాక్సర్లు 13వ రౌండ్ నుంచి మరీ కుదేలైపోతారు. 12 రౌండ్లకి సాధన చేసినవాడు 15 ఉంటే 15కీ చేసేవాడు కదా, ఆ లెక్క గేమ్‌కి తెలీదు. టైసన్ తన వృత్తి జీవితంలో 12 దాటి ఎప్పుడూ ఆడలేదు, కాబట్టి 13వ రౌండ్ టైసన్ ఎలా ఉంటాడన్నది గేమ్ చేసే ఊహ మాత్రమే. మా బావకి ఆ సమస్యే లేదు. "టైసన్‌కి 15 ఎందుకు బావా, 3 చాలు" అంటాడు.

బరువు దగ్గర ఇంకా పెద్ద లోటు. మార్సియానో సుమారు 185 పౌండ్లు, అంటే 84 కిలోలు. ఈ రోజుల్లో అయితే హెవీవెయిట్ కంటే కిందిదైన, 200 పౌండ్ల లోపువాళ్ల క్రూజర్‌వెయిట్‌లో ఆడాల్సినవాడు. ఈ కాలం బ్రిటన్ హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాలు, 270 పౌండ్లు దాటి కూడా రింగ్‌లోకి దిగాడు. అంత మనిషి మీద వాలితే మార్సియానో కాళ్లలో సత్తువ ఎన్ని రౌండ్లు మిగులుతుంది? గేమ్‌లో క్లించ్ (ఎదుటివాణ్ని చేతులతో చుట్టి పట్టుకోవడం) పట్టినప్పుడు ఆ బరువు తెలియనే తెలియదు. అందుకే ఫ్యూరీ మీద మార్సియానో గెలిచినా నేను పండగ చేసుకోను. ఈ కాలపు ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌తో పెడితే మాత్రం నమ్మబుద్ధి అవుతుంది. 12 అయితే ఉసిక్‌దే పోటీ. 15 అయినా ఎక్కువసార్లు ఉసికే గెలుస్తాడు, కాకపోతే ఆఖరి మూడు రౌండ్లలో మా ఇంట్లో టెన్షన్ మామూలుగా ఉండదు.

కంప్యూటర్ తీర్పుని దేవుడి తీర్పు అనుకోవద్దు. 1969లో అలీ, మార్సియానో ఇద్దర్నీ కెమెరా ముందు ఉత్తుత్తి పోటీ ఆడించి, కంప్యూటర్ చెప్పిందంటూ మరుసటి జనవరిలో థియేటర్లలో వేశారు. అమెరికాలో చూపించినదాంట్లో మార్సియానో 13వ రౌండ్‌లో గెలిచాడు, ఐరోపాలో చూపించినదాంట్లో అలీ.

కొనాలా వద్దా అంటే, మీరు ఎలా వాడతారో దాన్నిబట్టి. ఆన్‌లైన్‌లో ఎవరితోనో తలపడాలనుకునే కుర్రాళ్లకి దీని బటన్లు కొంచెం నెమ్మదిగా అనిపించొచ్చు. 15 రౌండ్లు పూర్తిగా చూడాలంటే గంట చేతిలో ఉండాలి, మధ్యలో ఫోన్ వస్తే పోటీ మళ్లీ మొదటికొస్తుంది. వానల్లో మాకు కరెంటు పోయిన రాత్రులు చాలా పోటీలు అలాగే పోయాయి, టీవీ ఆరిపోగానే బావ లేచి వెళ్లిపోతాడు. నాలా పాతకాలం పోటీల లెక్కలు తలలో పెట్టుకుని, పక్కన వాదించడానికి ఒక మనిషి ఉన్నవాళ్లకైతే డబ్బులు గిట్టుబాటే. నాకు గిట్టాయి.