వర్ట్ ఒకళ్ళది, పులియబెట్టేది ఇంకొకళ్ళు: టిల్కాన్ గూజ్ రివ్యూ

శ్రీకాకుళంలో కూర్చుని బెల్జియం బీరు మీద రివ్యూ ఏంటని అడక్కండి. మా బావకి బ్రసెల్స్‌లో ఉద్యోగం. సెలవుకి వస్తూ ఏం తెమ్మంటావని అడిగితే, చాక్లెట్లు వద్దు, టిల్కాన్ వాళ్ళ గూజ్, అంటే వేర్వేరు వయసుల పుల్లటి బీర్లు కలిపి చేసేది, రెండు బాటిళ్ళు పట్రా అన్నాను. తెచ్చాడు గానీ చేతిలో పెట్టేటప్పుడు మూతి విరిచాడు. "వీళ్ళు అసలు బీరే కాచరట బావా, వేరే కంపెనీల దగ్గర కొనుక్కొచ్చి సీసాల్లో పోస్తారట, దానికి ఇంత రేటా?" అన్నాడు. ఈ అనుమానం తీరకుండా రుచి గురించి మాట్లాడి లాభం లేదు కాబట్టి ముందు అదే చెప్తాను.

టిల్కాన్ వాళ్ళు కాచరన్న మాట నిజమే. బియెర్గ్ అనే ఊళ్ళో ఉంటుంది వాళ్ళ షెడ్డు. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే వైపు ఉన్న గూజ్ బ్లెండరీ (వేరేవాళ్ళ రసం కొని, పులియబెట్టి, కలిపే చోటు) ఇదొక్కటే, మొదటి గూజ్ 2011లో బయటికొచ్చింది. బూన్, లిండెమాన్స్, జిరార్డిన్, కాంటియోన్ లాంటి బ్రూవరీల దగ్గర వర్ట్ కొంటారు. వర్ట్ అంటే మాల్ట్ చేసిన (మొలకెత్తించి ఎండబెట్టిన) బార్లీని, దాంతోపాటు మూడో వంతు దాకా పచ్చి గోధుమని వేడినీళ్ళలో నానబెట్టి, వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి గంటల తరబడి మరిగించిన తియ్యటి రసం. ఆ హాప్స్ కూడా రెండు మూడేళ్ళు నిలవబెట్టినవి వేస్తారు, చేదు పోయి రసం చెడకుండా కాపాడే గుణం మాత్రం మిగలాలని. అందులో ఇంకా మత్తు లేదు, గ్యాసు లేదు, నిజానికి అది బీరే కాదు.

అసలు కథ ఇక్కడి నుంచి. మామూలు బ్రూవరీలో అయితే వర్ట్ చల్లారగానే ఈస్ట్ కలిపేస్తారు. లాంబిక్‌కి, అంటే గూజ్‌కి మూలమైన ఈ పుల్లటి బీరుకి, అలా ఎవరూ ఏమీ కలపరు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పెద్ద తొట్టెలో పోసి రాత్రంతా మూత లేకుండా వదిలేస్తారు, గాల్లో ఉన్న ఈస్టూ బ్యాక్టీరియా వాటంతట అవే వచ్చి పడతాయి. అందుకే అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపు చలి రోజుల్లోనే కాచుతారు, ఎండాకాలం అయితే రసం ఒక్క రాత్రిలో చల్లారదు, పడకూడనివి పడి చెడిపోతుంది. తెల్లారాక ఆ వర్ట్‌ని ట్యాంకర్‌లో తెచ్చుకుని బ్లెండర్ తన సొంత ఓక్ పీపాల్లోకి ఎక్కిస్తాడు. ముందు ఈస్ట్ చక్కెరని తింటుంది, తర్వాత నెలల తరబడి పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా పులుపు పట్టిస్తుంది, ఆ తర్వాత బ్రెటనోమైసెస్ అనే మొండి ఈస్ట్ మిగిలిన దాని పని పడుతుంది. ఈ పని మూడేళ్ళు నడుస్తుంది. పీపా చెక్కలో పాతుకుపోయిన సూక్ష్మజీవులు కూడా ఇందులో చెయ్యి వేస్తాయి కాబట్టి, ఒకే బ్రూవరీ వర్ట్ రెండు చోట్ల పులిస్తే రెండు రుచులొస్తాయి.

చివరికి ఏడాదిది, రెండేళ్ళది, మూడేళ్ళది నాలుక మీద చూసుకుంటూ కలుపుతారు. కుర్ర లాంబిక్‌లో మిగిలిన చక్కెర సీసాలో మళ్ళీ పులిసి గ్యాసు ఇస్తుంది, ముసలిది రుచికి లోతు ఇస్తుంది. సీసాలో పోశాక కూడా నెలల తరబడి ఆపి గానీ అమ్మరు. ఇప్పుడు చెప్పండి, కాచడం ఒక్క రోజు పని, మిగతా మూడేళ్ళు ఎవరివి? మన దగ్గర కొన్ని బీర్లు వేరేవాళ్ళ ఫ్యాక్టరీలో పూర్తిగా తయారై, ఇంకొకరి లేబుల్ అంటించుకుని వస్తాయి, బావ దీన్ని ఆ లెక్కలో వేశాడు. అది వేరు, ఇది వేరు.

ఇది కొత్తగా కనిపెట్టిన వ్యాపారం కూడా కాదు. బ్రసెల్స్ చుట్టుపక్కల కేఫులు నడిపేవాళ్ళు పీపాల్లో లాంబిక్ కొని, కింద సెల్లార్‌లో తామే కలిపి అమ్మేవాళ్ళు. హాన్సెన్స్, డి కామ్ అనే బ్లెండరీలదీ ఇదే దారి. ఇప్పుడు పెద్ద పేరున్న డ్రీ ఫోంటైనెన్ కూడా 1998 దాకా బ్లెండరే. సొంతంగా కాచడం మొదలెట్టాక 2009లో గోదాములో థర్మోస్టాట్ చెడి, వేడికి వేల సీసాలు పాడైపోతే, ఆ పాడైన బీరునే బట్టీలో కాచి స్పిరిట్ చేసి అమ్ముకున్నారు, మళ్ళీ కొన్నేళ్ళు పక్కవాళ్ళ వర్ట్ మీదే బతికారు. ఇందులో ఉన్న టెన్షన్ కూడా అదే లెండి, వర్ట్ ఇచ్చేవాడు రేపు ఇవ్వనంటే బ్లెండర్ పీపాలు ఖాళీ.

సరే, సీసా. ముప్పావు లీటరు, షాంపేన్‌లాగా కార్క్, దాని మీద తీగ బిగింపు. నా బాటిల్ మీద 7 శాతం అని ఉంది. ఫ్రిజ్‌లో నిలబెట్టి మడ్డి కిందికి దిగాక తీసి, ఓ పావుగంట బయట ఉంచాం. మంచులా చల్లగా తాగితే పులుపు తప్ప ఇంకేమీ తెలీదు. కార్క్ గట్టిగానే పేలింది, వంటింట్లోంచి అక్క పరిగెత్తుకొచ్చింది. రంగు లేత బంగారం, కాస్త మసక. నురగ తెల్లగా లేచి కాసేపటికే పల్చబడింది. ముక్కు దగ్గర పెడితే ముందు దబ్బకాయ తొక్క, వెనక తడిసిన చెక్క, ఇంకా వెనక ఎండుగడ్డి. నోట్లో పోసుకుంటే దవడలు లాగేంత పులుపు, తీపి బొత్తిగా లేదు, మింగాక నాలుక చివర చిన్న వగరు. రెండో గుక్కకి పులుపు సర్దుకుని చెక్క రుచి బయటపడింది, నాకు నచ్చింది అక్కడే.

మా మావయ్య ఆమదాలవలస దగ్గర పల్లెటూరి మనిషి, తాటికల్లు రుచి బాగా తెలిసినవాడు. ఒక గుక్క తాగి, "ఏట్రా ఇది, పులిసిన కల్లు సీసాకెత్తినారా?" అన్నాడు. నవ్వాం గానీ ఆయన పట్టింది కరెక్టే. లొట్టిలో సున్నం రాయకపోతే కల్లుని కూడా గాల్లో ఉన్న ఈస్టే పులియబెడుతుంది, పొద్దున్న తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లగా మారిపోతుంది. కల్లు ఒక్క పూటలో పరిగెత్తిన దారినే ఇది చలి దేశంలో మూడేళ్ళు నడిచింది. మావయ్య ఇంకో అర గ్లాసు అడిగాడు, బావ మాత్రం తన గ్లాసు నాకు జరిపేసి చల్లటి లాగర్ తెరుచుకున్నాడు.

తిండి సంగతికొస్తే నెత్తళ్ళ వేపుడుతో అదిరింది, నూనెని, చేప వాసనని ఈ పులుపు కడిగేస్తుంది. పలాస జీడిపప్పు ఉప్పు వేసి వేయిస్తే దాంతో కూడా బాగుంది. అక్క చేసిన కోడికూరతో మాత్రం అస్సలు కుదర్లేదు, కారం మీద పులుపు పడి నోరు మండిపోయింది.

ఎవరికి చెప్తాను? స్ట్రాంగ్ బీరు చల్లగా గటగటా తాగేవాళ్ళకి చెప్పను, డబ్బులు వేస్ట్ చేశావని నన్నే తిడతారు. వైన్ తాగేవాళ్ళు, పులుపంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఒకసారి చూడాల్సిందే. రేటు ఎక్కువే, కాదనను. కానీ మూడేళ్ళు పీపాలో డబ్బు ఇరుక్కుపోయిన సరుకు అది, లాగర్ రేటుకి ఎలా వస్తుంది?

తెప్పించుకునేవాళ్ళు లేబుల్ మీద 'ఔడ' (Oude) అన్న మాట ఉందో లేదో చూసుకోమనండి, అది లేని గూజుల్లో చాలావాటికి తీపి కలుపుతారు. మన దేశంలోకి మనిషికి రెండు లీటర్ల దాకా మందుకి డ్యూటీ కట్టక్కర్లేదు, అంటే ఈ సైజు సీసాలు రెండు హాయిగా వచ్చేస్తాయి. చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టాలి. వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచి కార్లో వచ్చేటప్పుడు దార్లో టిఫిన్‌కి దిగితే, మే నెల ఎండలో బ్యాగు డిక్కీలో వదిలేయకండి, లోపల గ్యాసుంది.