పోలరైజరా, వైట్ బ్యాలెన్సా, ఫిల్ము రీలా: డబ్బు దేని మీద పెడితే మేలు?

కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు షాపులో మొదట అంటగట్టేది యూవీ ఫిల్టర్. రీలు రోజుల్లో దానికి నిజంగానే పని ఉండేది. ఫిల్ముకు అతినీలలోహిత కిరణాలు తగిలి దూరపు కొండలు నీలంగా, మసగ్గా పడేవి. డిజిటల్ సెన్సర్ ముందు ఆ కిరణాలను చాలావరకు ఆపే పొర కంపెనీ నుంచే వస్తుంది. కాబట్టి ఇప్పుడు యూవీ ఫిల్టర్ అంటే లెన్సుకు తొడుగు, అంతే. బీచ్‌లో ఉప్పుగాలికి, ఇసుకకి ఉంచుకోండి. రాత్రిపూట దీపాలు తీసేటప్పుడు మాత్రం విప్పేయండి, లేకపోతే ఒక్కో దీపానికి ఫొటోలో ఇంకో దొంగ దీపం పుట్టుకొస్తుంది.

మిగతా ఫిల్టర్ల సంగతి తేల్చడానికి నేను చూసేది ఒకటే: ఆ పని ఫొటో తీశాక కంప్యూటర్‌లో చేయగలమా, లేదా?

రంగు ఫిల్టర్లు ఇక్కడే ఓడిపోతాయి. మామూలు రీలు పగటి వెలుగుకు, అంటే దాదాపు 5500 కెల్విన్‌కు (వెలుగు రంగును కొలిచే లెక్క) తయారయ్యేది. దాంతో పాతకాలం బల్బు కింద తీస్తే మొహాలు నారింజ రంగులోకి తిరిగేవి, ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చగా పడేవి. బల్బుకు విరుగుడుగా 80ఎ అనే నీలం ఫిల్టర్ పెడితే వెలుగు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున), అంటే నాలుగో వంతుకు తగ్గిపోయేది. అసలే చీకటి గదిలో అది పెద్ద నష్టం. ఇప్పుడు అదే పని కెమెరాలో రంగు సరిచేసే సెట్టింగు, వైట్ బ్యాలెన్స్, చేస్తుంది. సెన్సర్ పట్టినదంతా ఉన్నదున్నట్టు దాచే రా (RAW) ఫైలులో తీస్తే ఇంటికొచ్చాక కూడా మార్చుకోవచ్చు. అయితే ఒక పక్క కిటికీ వెలుగు, ఇంకో పక్క బల్బు ఉంటే ఫిల్టరూ సెట్టింగూ రెండూ చేతులెత్తేస్తాయి. బల్బు ఆర్పేయడమే మందు.

నలుపు-తెలుపు రీలుకు మాత్రం పసుపు, ఎరుపు ఫిల్టర్లు కావాల్సిందే. అవి లేకపోతే ఆకాశం వెలిసిపోయి మబ్బులు అందులో కలిసిపోతాయి. డిజిటల్‌లో రంగు ఫొటో తీసి, నలుపు-తెలుపులోకి మార్చేటప్పుడు నీలాన్ని తగ్గిస్తే చాలు. పైగా మామూలు సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఎరుపుకు కేటాయించింది ఒక్కటే. ఎర్ర గాజు బిగిస్తే మిగతా మూడూ దాదాపు ఖాళీగా కూర్చుంటాయి.

పోలరైజర్ వేరే జాతి. నీటి మీద, తడిసిన ఆకుల మీద, కారు అద్దం మీద మెరుపు పడితే దాని కింద ఉన్నది కెమెరాలోకి అసలు రాదు. రానిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెలికి తీయలేదు, మహా అయితే ఊహించి పూస్తుంది. ఈ ఫిల్టర్‌ను తిప్పుతూ చూస్తే మెరుపు తగ్గి చెరువు అడుగున రాళ్లు కనిపిస్తాయి. సూర్యుడు మన భుజం పక్కన ఉన్నప్పుడు ఆకాశం బాగా ముదురుతుంది, వెనకో ఎదురుగానో ఉంటే పెద్దగా మారదు. బాగా వెడల్పు లెన్సుతో మాత్రం ఆకాశంలో ఒకచోట ముదురు, ఒకచోట లేత పడి మచ్చలా కనిపిస్తుంది. స్టీలు బిందె మెరుపు కూడా దీనికి లొంగదు.

ఇక ఎన్‌డీ ఫిల్టర్, అంటే రంగు మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించే ముదురు గాజు. కుంతాల జలపాతాన్ని ఎండలో తీస్తున్నారనుకోండి. ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే చురుకు) 100, ఎఫ్/16 (లెన్సు కంత బాగా చిన్నది) పెట్టినా షట్టర్ 1/100 సెకను దగ్గర ఉంటుంది, నీళ్లు పాలధారలా రావు. ఎన్‌డీ64 బిగిస్తే అది సుమారు 0.6 సెకనుకు దిగుతుంది. ఫిల్టర్ లేకుండా ఎన్నో ఫొటోలు వరసగా తీసి కలపొచ్చు, ఫోన్లలో లాంగ్ ఎక్స్‌పోజర్ చేసేది దాదాపు అదే. కాబట్టి ఎన్‌డీకి ప్రత్యామ్నాయం ఉంది. ఇంకో ఉపాయం, నీడ పడేదాకా ఆగడం. నీడలో వెలుగు మూడు స్టాపులు తగ్గిందనుకుంటే, పోలరైజర్ ఇంకో రెండు మింగుతుంది. షట్టర్ 1/3 సెకనుకు వచ్చేస్తుంది, తడి బండల మెరుపూ పోతుంది. ఎన్‌డీకైనా, ఈ ఉపాయానికైనా ట్రైపాడ్ తప్పదు.

రీలు మీద మోజు ఉన్నవాళ్లకు ఒక మాట. రంగు నెగటివ్ రీలు వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడలు బురదలా పడతాయి. డిజిటల్‌ది ఉల్టా: నీడలను తర్వాత లేపుకోవచ్చు, పెళ్లికొడుకు తెల్ల పంచె ఒకసారి తెల్లగా కాలిపోతే మడతలు తిరిగి రావు. అందుకే రీలుకు నీడ చూసి, డిజిటల్‌కు వెలుగు చూసి కొలవాలి. పైగా రీలులో ఉన్న మొత్తం 36 ఫొటోలకూ ఐఎస్‌ఓ ఒకటే, కడిగించేదాకా ఫలితం తెలియదు. నేర్చుకునే దశలో నా ఓటు డిజిటల్‌కే.

కొనేది ఒక్క ఫిల్టరే అయితే సర్క్యులర్ పోలరైజర్ కొనండి. ఇంట్లో పాత లీనియర్ రకం పడి ఉంటే మిర్రర్‌లెస్ కెమెరాకు సాధారణంగా పనికొస్తుంది, లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లో మాత్రం మీటరింగు, ఫోకసు తడబడతాయి. ఉన్న లెన్సుల్లో పెద్దదాని సైజుకు తీసుకుని, చిన్నవాటికి స్టెప్-అప్ రింగులు (పెద్ద ఫిల్టర్‌ను చిన్న లెన్సుకు పట్టించేవి) వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. చిన్న లెన్సులకు హుడ్ మాత్రం అప్పుడు పట్టదు, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిందే.