ఆపరేషనయ్యాక తెలివి రాకపోతే: ఆన్‌లైన్ న్యూరో సెకండ్ ఒపీనియన్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఆపరేషన్ సక్సెస్ అంటారు, మనిషికి మాత్రం తెలివి రాదు. ఎందుకని అడిగితే "చూద్దామండీ" అన్నదే జవాబు. ఇలాంటప్పుడు వీడియో కాల్‌లో న్యూరాలజిస్టుతో మాట్లాడించే సేవలు ఇప్పుడు బోలెడున్నాయి. ఏ కంపెనీ అన్నది తర్వాతి సంగతి. పంపే ఫైలు సరిగా లేకపోతే ఎవరికి కట్టినా డబ్బు దండగే.

అందరూ కేస్ సమ్మరీ పంపుతారు. అసలు కావలసింది ఆపరేషన్ సమయంలో మత్తు డాక్టరు రాసే మత్తు చార్టు. ఏ మందు ఎంత, ఎప్పుడు ఇచ్చారు, బీపీ ఎంతకు పడింది, ఆక్సిజన్ ఎంతసేపు తగ్గింది, అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత ఐసీయూ డ్రగ్ షీటు. మిడజోలామ్, ఫెంటానిల్ లాంటి మత్తు, నొప్పి మందులు ఆపి ఎన్ని గంటలైందో తెలియకుండా కోమా అని తేల్చడం తొందరపాటు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మిడజోలామ్ మత్తు, ఆపేశాక కూడా రోజుల తరబడి వదలకపోవచ్చు. షుగర్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష)లో కార్బన్ డయాక్సైడ్ కూడా జత చేయండి. సీటీ ఫిల్ముకు తీసిన వాట్సాప్ ఫొటో పనికిరాదు, సీడీలోని డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లు, పంపాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కాగితం మీద అడిగి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

ఈ సేవల అసలు లాభం, మీ ఆసుపత్రి డాక్టర్లను ఏం అడగాలో తెలియడం. "సీటీ నార్మల్" అన్నంత మాత్రాన స్ట్రోక్ లేదని కాదు. మొదటి గంటల్లో తీసిన సీటీలో అది కనబడకపోవచ్చు, ఎంఆర్ఐలో బయటపడుతుంది. ఒళ్లు కదలకుండానే మెదడులో ఫిట్స్ నడుస్తుంటే, మెదడు కరెంటును రికార్డు చేసే ఈఈజీ తప్ప దారి లేదు. అరగంట ఈఈజీలో దొరకనిది 24 గంటల రికార్డింగులో దొరకొచ్చు. తొడ ఎముక ఆపరేషన్ అయితే కొవ్వు ఎంబాలిజం (ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి నాళాలకు అడ్డుపడటం) గురించి అడగాలి.

మన దగ్గర తప్పక అడగాల్సింది ఇంకోటుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వేసే స్కోలిన్ ఇంజెక్షన్‌ను విరిచే ఎంజైమ్ లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. నిమిషాల్లో పోవాల్సిన మందు వాళ్లలో గంటలు పనిచేస్తుంది. అది కోమా కాదు. లోపల తెలివి ఉండి కూడా కండరాలు కదలవు. మణికట్టు దగ్గర నరానికి కరెంటు పెట్టి చూసే చిన్న మెషీన్‌తో తేడా తెలుస్తుంది. ఈ ప్రశ్న వేయని సెకండ్ ఒపీనియన్‌కు మార్కులు తగ్గించాల్సిందే.

పెద్ద లోటు, కెమెరాలోంచి మనిషిని పరీక్షించలేకపోవడం. తెలివి ఎంతుందో కొలిచే జీసీఎస్ మార్కుల మొత్తం ఒక్కటే చెబితే ఒప్పుకోకండి. కళ్లకు 4కి ఎంత, మాటకు 5కి ఎంత, కదలికకు 6కి ఎంత, విడివిడిగా రాయించండి. గొంతులో ట్యూబ్ ఉంటే మాట మార్కుకు అర్థం లేదు, అక్కడ మాటతో పని లేని ఫోర్ స్కోర్ నయం. కాల్‌లో డ్యూటీ డాక్టరు ఉంటే కనుపాపల మీద లైటు వేసి చూపిస్తారు, లేకపోతే ఆ కాల్ సగమే. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న కేసులో 72 గంటలు తిరక్కుండానే "ఇక లేవరు" అని తేల్చే రిపోర్టును నమ్మొద్దు.