పాత ట్రాక్టర్లు చూడాలంటే గేటు తీయకముందే వెళ్లాలి

బ్రిటన్‌లో వేసవి మొదలైతే వారాంతం వచ్చిందంటే చాలు, ఏదో ఒక ఊరి మైదానంలో వ్యవసాయ ప్రదర్శన ఉంటుంది. పశువుల పోటీలు, గుర్రపు స్వారీలు మధ్యలో జరుగుతాయి. పాత ట్రాక్టర్లు మాత్రం ఎక్కడో కంచె పక్కన బారుగా నిలబడి ఉంటాయి. జనం మధ్యాహ్నం వచ్చి, ఆ బారు వెంట ఓసారి నడిచి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. చూడాల్సినదాంట్లో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. జనం మధ్య బండ్లు కదలకూడదు కాబట్టి వాటిని పొద్దున్నే తెచ్చి వరసలో పెట్టిస్తారు, ప్రదర్శన ముగిసేదాకా బయటికి వదలరు. మధ్యలో ఒక్కసారి పెద్ద రింగులో ఊరేగింపు ఉంటుంది, అంతే. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడం చూడాలంటే ఉదయమే వెళ్లాలి.

ఏ ప్రదర్శనకు వెళ్లాలన్నది మీరు ఏం చూడాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. జిల్లా స్థాయి పెద్ద ప్రదర్శనలు మూడు నాలుగు రోజులు సాగుతాయి గానీ అక్కడ జాగా అంతా కొత్త యంత్రాల కంపెనీలదే. పాతవాటికి మిగిలేది ఓ మూల, అదీ తాడు అవతల. ఒక్కరోజు ఊరి ప్రదర్శనలో బండ్లు ముప్పయ్యో నలభయ్యో ఉండొచ్చు, కానీ యజమాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు, అడిగితే బానెట్ ఎత్తి చూపిస్తాడు. నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు మా ఓటు ఊరి ప్రదర్శనకే.

రకాలన్నీ ఒకేచోట చూడాలంటే నాటింగ్‌హామ్‌షైర్‌లోని న్యూవర్క్ షోగ్రౌండ్‌లో నవంబరులో జరిగే వింటేజ్ ట్రాక్టర్ షో ఉంది. చాలావరకు హాళ్ల లోపలే కాబట్టి వాన బెడద లేదు, విడిభాగాల స్టాళ్లూ ఎక్కువే. కానీ పైకప్పు కింద ఇంజన్లు మూగగానే ఉంటాయి. రైల్లో వెళ్లేవాళ్లకు న్యూవర్క్ నార్త్‌గేట్ స్టేషన్ ఈస్ట్ కోస్ట్ ప్రధాన మార్గం మీదే ఉంది. షోగ్రౌండ్ ఊరి బయట, విమానాల మ్యూజియం పక్కన. స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరం కాదు, బస్సో టాక్సీయో ముందే చూసుకోవాలి.

ప్రదర్శన జాబితాలో ఫీల్డ్ మార్షల్ అనే ట్రాక్టర్ పేరు కనిపిస్తే ఎనిమిదింటికల్లా దాని పక్కన ఉండాలి. 1945 నుంచి 1957 దాకా లింకన్‌షైర్‌లోని గెయిన్స్‌బరోలో తయారైన బండి ఇది. (ఆ కర్మాగారం ఇప్పుడు షాపింగ్ సెంటర్, పాత ఇటుక గోడలు మాత్రం నిలిచాయి.) రెండు స్ట్రోకుల డీజిల్, సిలిండర్ ఒక్కటే, అదీ అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. బోర్, అంటే సిలిండర్ వ్యాసం, ఆరున్నర అంగుళాలు; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, తొమ్మిది. ఆ ఒక్క సిలిండరే దాదాపు 4.9 లీటర్లు. దాన్ని చేత్తో తిప్పి లేపుతారు.

ముందు సురేకారం పట్టించిన కాగితాన్ని చుట్టగా చుట్టి చిన్న హోల్డర్‌లో దూరుస్తారు. నిప్పంటించి ఆర్పేస్తే మంట పోయి కణకణ రాజుకుంటూ ఉంటుంది. ఆ హోల్డర్‌ని సిలిండర్ హెడ్‌లోకి బిగిస్తారు. ఫ్లైవీల్ అంచు మీద మరచుట్టులాంటి గాడి ఉంది, అందులో చిన్న చక్రం దొర్లుతుంది. ఆ చక్రం గాడిలో ఉన్నంతసేపూ సిలిండర్‌లోని గాలిని బయటికి వదిలే డీకంప్రెషన్ వాల్వ్ తెరిచే ఉంటుంది కాబట్టి హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఆరు చుట్ల దాకా దొరుకుతాయి. ఆలోపే ఫ్లైవీల్‌కి ఊపు రావాలి. గాడి అయిపోగానే వాల్వ్ మూసుకుని, సిలిండర్‌లో గాలి ఒత్తిడి (కంప్రెషన్) ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకుందా, నేల అదిరేలా ఒక్క దెబ్బ, పొగగొట్టం పైన నల్లటి ఉంగరం, తర్వాత తీరుబడిగా ఒక్కో దెబ్బా. అందుకోలేదా, కొత్త కాగితంతో మళ్లీ మొదటికి. కాగితం చెమ్మగిల్లినా, ఊపు చాలకపోయినా, డీజిల్ పైపులో గాలి చేరినా అందుకోదు. తుపాకీ తూటాలాంటిది పెట్టి సుత్తితో కొట్టి లేపే పద్ధతి కూడా ఉంది. చూడ్డానికి అదే గొప్ప, కానీ ఒక్కసారిగా పడే ఆ దెబ్బ ఇంజన్‌కి మంచిది కాదని చాలామంది యజమానులు చేతిపనికే మొగ్గుతారు.

జర్మనీలోని మాన్‌హైమ్‌లో 1921లో మొదలైన లాంజ్ బుల్డాగ్ వస్తే అదింకో వేడుక. ముందున్న, ఇంధనాన్ని అంటించే ఇనుప గుండును బ్లోల్యాంపుతో ఎర్రగా కాలుస్తారు. తర్వాత స్టీరింగ్‌ని కడ్డీతో సహా ఊడబీకి, పక్కనున్న ఫ్లైవీల్‌లో గుచ్చి ఊపుతారు. రెండు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి ఒక్కోసారి ఉల్టా తిరుగుతూ అందుకుంటుంది. అలా గమనించకుండా ముందుకు గేరు వేస్తే బండి వెనక్కి పోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు దాని ముందూ వెనకా నిలబడకండి.

బారులో ఎక్కువగా కనిపించేది బూడిదరంగు ఫెర్గూసన్ టీఈ20. 1946 నుంచి 1956 వరకు కొవెంట్రీలోని బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇన్ని ఉన్నాయి కదా అని దాటిపోతారు గానీ నిదానంగా చూడాల్సింది దీన్నే. డ్యాష్ దగ్గరి రేకు మీద అక్షరాలు చదవండి: మూడో అక్షరం ఏ అయితే పెట్రోలు, డీ అయితే టీవీఓ, అంటే కిరసనాయిలు జాతి ఇంధనం, ఎఫ్ అయితే డీజిల్. రేకు మీద డీ ఉండి, ఇంజన్ పక్కనుండే మానిఫోల్డ్ గొట్టాల మీద వేడి నిలపడానికి పెట్టే రేకుకవచం లేకపోతే ఎవరో పెట్రోలుకు మార్చేశారన్నమాట. సెల్ఫ్‌కి వేరే బటన్ ఉండదు. గేర్ రాడ్‌ని ‘ఎస్’ అన్నచోటికి తోస్తేనే స్టార్టర్ తిరుగుతుంది, కాబట్టి గేరులో ఉండగా స్టార్ట్ కావడం జరగదు.

తర్వాత కిందికి వంగండి. క్లచ్ పెట్టె అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే స్ప్లిట్ పిన్ ఉంటాయి. మట్టితో రంధ్రం మూసుకుపోకుండా ఆ పిన్ కదులుతూ ఉండాలి. దాని చివర చుక్క నిలిచి ఉంటే వేలితో తాకి చూడండి. నల్లగా పలచగా ఉంటే ఇంజన్ ఆయిల్, అంటే ఇంజన్‌లో తిరిగే ఇరుసు, క్రాంక్, దాని వెనక సీలు పోయింది. చిక్కగా తేనెరంగులో ఉంటే గేర్‌బాక్స్ ముందు సీలు. పిన్నే లేకపోయినా, రంధ్రానికి రంగు పూసేసినా ఆ బండి మెరుపును నమ్మక్కర్లేదు. ట్రాక్టర్ వెనక పనిముట్లను ఎత్తే లిఫ్ట్ చేతుల మీద బరువుంటే పైకెత్తించి ఇంజన్ ఆపమనండి. నిమిషంలోపే జారిపోతే లోపల వాటిని ఎత్తే ర్యామ్ సీలో వాల్వో అరిగిందని అర్థం.

పక్కన ఎర్రటి మాసీ ఫెర్గూసన్ 35 ఉంటే సిలిండర్లు లెక్కపెట్టండి. తొలి డీజిళ్లలో నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ ఇంజన్ ఉండేది, చలిలో లేవడానికి మహా మొండి. 1959లో మూడు సిలిండర్ల పెర్కిన్స్ వచ్చాకే దానికి మంచిపేరు వచ్చింది.

ఇక బస. మైదానంలోనే గుడారమో కారవానో వేసుకుంటే పొద్దున్నే స్టార్ట్ చేసేవేళ దగ్గరుండొచ్చు. ఈ ఒక్క లాభం కోసమే మేం దాన్ని ముందు పెడతాం. కాకపోతే చాలాచోట్ల మైదానంలో బస ప్రదర్శనకారులకే. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి. జనరేటర్ల మోత, తడి నేల, దూరంగా మరుగుదొడ్లు తప్పవు. పల్లెలోని బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ ఇళ్లలో నిద్ర బాగుంటుంది, కానీ పేరులో ఉన్న ఆ అల్పాహారం ఎనిమిదిన్నరకు పెడితే ఫీల్డ్ మార్షల్ మీకోసం ఆగదు. ముందురోజే చెప్పి తొందరగా బయల్దేరండి. పట్నంలో హోటల్ తీసుకునే పనైతే దారిని రెండుసార్లు చూసుకోండి. ప్రదర్శన రోజున సన్న రోడ్ల మీద ట్రాక్టర్లను మోసుకొచ్చే లోలోడర్ లారీలు బారులు తీరతాయి.

పార్కింగ్ దాదాపు అంతటా గడ్డి మీదే. రాత్రి వాన పడిందంటే సాయంత్రం బయటికి లాగడానికి ట్రాక్టర్లు సిద్ధంగా ఉంటాయి, అది మంచి ఏర్పాటే. కానీ చాలా కార్లకు లాగే కొక్కెం డిక్కీలో విడిగా ఉంటుంది, ముందు బంపర్‌లో బిగించుకోవాలి. కొన్నిటికి ఎడమ మరలు. వరసలో మీ వంతు వచ్చాక వెతుక్కుంటే వెనకవాళ్లు తిట్టుకుంటారు. కార్డు యంత్రాలు సిగ్నల్ లేక మొరాయిస్తాయి, కొంత నగదు పెట్టుకోండి.

ట్రాక్టర్ పనిచేస్తుండగా చూడాలంటే శరత్కాలంలో జరిగే దుక్కి పోటీలే మేలు. జాతీయ పోటీలు అక్టోబరులో ఉంటాయి, పాత ట్రాక్టర్లకు వేరే తరగతులున్నాయి. ఫెర్గూసన్ పేరు ఎందుకు నిలిచిందో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. నాగలి లోతుకు దిగబోతే నాగలిని ట్రాక్టర్‌కి పైభాగంలో కలిపే కడ్డీ, పై లింకు, ముందుకు నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడికే హైడ్రాలిక్స్ నాగలిని పిసరంత ఎత్తుతుంది. డ్రైవర్ లివర్ ముట్టడు. మడి చివర నిలబడకుండా సాలు పక్కనే నడుస్తూ పై లింకు స్ప్రింగును చూడండి.

సముద్రం దాటి అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్‌కి వెళ్లేవాళ్లకు అక్కడ 1950 నుంచి జరుగుతున్న ఓల్డ్ త్రెషర్స్ రీయూనియన్ ఉంది, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే నాటికి ముగిసే ఐదు రోజులు. రెండు సిలిండర్ల జాన్ డీర్లు వినడానికి అదే చోటు. ఆ ఇంజన్‌లో ఒక దెబ్బ తర్వాత క్రాంక్ 180 డిగ్రీలు తిరిగితే రెండోది, మళ్లీ 540 డిగ్రీల ఎడం. ఆ కుంటి లయ వంద గజాల నుంచే పోల్చుకోవచ్చు.

ఊరి ప్రదర్శన ముగిసేవేళకి మళ్లీ ట్రాక్టర్ల దగ్గరికి రండి. టీవీఓ ఫోర్డ్‌సన్లను పెట్రోలు మీద లేపి, వేడెక్కాక రెండో ఇంధనానికి మారుస్తారు. టీవీఓ అమ్మకం బ్రిటన్‌లో 1974లోనే ఆగిపోయింది, ఇప్పుడు కిరసనాయిల్లో పెట్రోలు కలిపి నడుపుతున్నారు. వేడెక్కకముందే మారిస్తే కాలని కిరసనాయిలు సిలిండర్ గోడల వెంట అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. ఆయిల్ కొలిస్తే తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. ఆపేముందు కూడా రెండు నిమిషాలు పెట్రోలు మీద తిప్పి కార్బురేటర్ ఖాళీ చేయాలి. ఇళ్లకు వెళ్లే తొందరలో కొందరు ట్రైలర్ ఎక్కించి అలాగే ఆపేస్తారు. మర్నాడు ఇంటి దగ్గర దింపేటప్పుడు వాళ్లు హ్యాండిల్ ఎన్నిసార్లు తిప్పాల్సి వస్తుందో పక్కనున్న అనుభవమున్న యజమానుల ముఖాలు చూస్తే తెలిసిపోతుంది.