బడి పిల్లల కోసం కొన్న కిచెన్ గార్డెన్ కిట్ ఎలా ఉందంటే

మా బడి ఆవరణంతా సిమెంటే. బడుల్లో కూరగాయలు పెంచే పోషక తోటల గురించి కేంద్రం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నేల లేకపోతే కుండీల్లోనైనా పెంచొచ్చని ఉంది కదా అని, జూన్ చివర్లో ఐదో తరగతి పిల్లల కోసం ఈ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1,450 రూపాయలు. మొక్కలు పెంచే గ్రో బ్యాగులు ఆరు, రెండు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు, వర్మీ కంపోస్టు, ఐదు రకాల విత్తనాలు, పిల్లలు రాసుకునే పుస్తకం ఒకటి.

బ్యాగులు గట్టివి, ఒక్కటీ చిరగలేదు. కోకోపీట్ ఇటుక బకెట్లో వేసి నీళ్లు పోస్తే అది ఉబ్బి పైకి వస్తుంటే పిల్లలు చుట్టూ చేరి కదిలితే ఒట్టు. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి పెట్టాం, ఆరో రోజుకి మొలకలొచ్చాయి. తోటకూర నాలుగు వారాల్లో కోతకొచ్చింది, వంట అక్క దాన్ని పప్పులో వేసింది. ఆ రోజు భోజనాల దగ్గర ఎప్పుడూ ఆకు ఏరి పక్కన పెట్టే పిల్లాడు కంచంలోకి వంగి, "టీచర్, ఇందులో మా బ్యాగు ఆకు ఏది?" అని వెతుక్కుంటూ మొత్తం తినేశాడు.

పాలకూర మాత్రం ప్యాకెట్ మొత్తానికి రెండే మొలిచాయి. రైతులు కొనే విత్తనాల మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉంటాయి, వీటి మీద ఏమీ లేదు. కిట్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే నీళ్లు ఎక్కువ పోసి ఉంటారన్నారు. పర్యావరణం పాఠం చెప్పే కిట్‌లో ఒక్కో రకానికీ ఒక్కో ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు ఎందుకండీ? పిల్లలే అడిగారు ఈ మాట. పుస్తకమంతా ఇంగ్లీషు, బొమ్మలు స్ట్రాబెర్రీ, లెట్యూస్! మా పిల్లల ఇళ్లలో గోంగూర, చిక్కుడు పాదు ఉంటాయి. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి స్కేలుతో మొక్క ఎత్తు కొలిచి సొంత నోట్‌బుక్కులో రాయించాను, లెక్కలు కూడా కలిసొచ్చాయి.

బెండకి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పట్టినప్పుడు కూడా ఆ పుస్తకంలో ఏమీ లేదు. "మా నాన్న వేపనూనె కొడతాడు" అని ఒక పాప చెప్పింది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టాం, తగ్గింది.

కొనాలనుకుంటే బ్యాగులు, కోకోపీట్ విడిగా తీసుకోండి, చాలా కలిసొస్తుంది. విత్తనాలు నేను ఈసారి ఊళ్లో విత్తనాల కొట్లో తెచ్చాను. కూరగాయలు కడిగిన నీళ్లే పోస్తున్నారు పిల్లలు. పాలకూర వారంలోపే మొలిచింది.