కొమ్ముబూరా, బివా: రెండు సమురాయ్ సినిమాల సంగీతం

జపాన్‌లో పాతకాలపు యోధులైన సమురాయ్‌ల కథలతో తీసిన సినిమాలివి. 1954లో వచ్చిన 'సెవెన్ సమురాయ్'కి ఫుమియో హయసాకా, 1962లో వచ్చిన 'హరకిరి'కి తోరు తకెమిత్సు సంగీతం చేశారు. రెండూ నలుపు తెలుపు చిత్రాలే, రెండిట్లోనూ కత్తి పట్టిన వీరులే. చెవికి మాత్రం వేరే లోకాలు.

హయసాకాది జనం సంగీతం. పేర్లు పడుతుండగా డప్పుల మోత. రైతులు కనిపిస్తే మగ గొంతుల మూలుగు లాంటి కూనిరాగం. సమురాయ్‌లకు ట్రంపెట్ మీద ఒక బాణీ. సినిమా చూసిన వారం దాకా నోట్లో ఆడుతూనే ఉంటుంది. అయినా ఆయన గొప్పతనం నాకు కనిపించింది చివర్లో వానలో జరిగే పోరాటంలో. అక్కడ సంగీతమే లేదు! వాన, బురద, గుర్రపు డెక్కలు, అరుపులు. అంతే.

తకెమిత్సు దారి ఒంటరిది. బివా అనే తీగవాద్యాన్ని పెద్ద చెక్కమీటుతో కొడతారు. తీగ మోగడంతో పాటు ఆ దెబ్బ కూడా వినిపిస్తుంది. వెనకాలే ఒక జుమ్మనే రొద. తంబురాలో జీవ (తీగ కింద నూలుపోగు పెట్టి తెప్పించే జుమ్మనే నాదం) తెలిసినవాళ్లకు అది పరాయిదిగా అనిపించదు. తంబురా జీవ మనల్ని ఊరడిస్తుంది. ఇది గుండెలో గుచ్చుకుంటుంది. ఒక్క మీటు, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. 'హరకిరి'లో ఖాళీ వాకిట్లో కూర్చున్న కథానాయకుడు ఇప్పుడేం చేస్తాడోనని ఊపిరి బిగబట్టి చూస్తాం.

సినిమా లేకుండా పాటలా వినాలంటే హయసాకానే. కానీ రాత్రిపూట, దీపాలార్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేటప్పుడు నేను తకెమిత్సునే ఎంచుకుంటాను.