పాత షెవర్లేకు మూడు సెట్ల ప్లగ్గు వైర్లు: తొమ్మిదేళ్ల లెక్క

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్య నలభై ఏళ్లు గడిపిన మనిషి. 2016లో నేను హ్యూస్టన్‌లో ఒక పాత షెవర్లే పికప్ ట్రక్కు కొన్నాను. అది మిస్సింగ్ కొడుతోందని, అంటే ఒక్కో సిలిండరు మధ్యమధ్య వెలగక ఇంజను తడబడుతోందని, ఫోనులో చెబితే ఆయన అడిగిన మొదటి మాట, “నాజిళ్లు విప్పించావా?”

“ఇది పెట్రోలు బండి నాన్నా. డీజిలు చిమ్మే నాజిళ్లు కావు, నిప్పురవ్వతో పెట్రోలు అంటించే ప్లగ్గులు. ఎనిమిది ప్లగ్గులు, ఎనిమిది వైర్లు.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ట్రక్కుకు పెట్రోలు పోస్తారా అక్కడ? అయితే నువ్వు మిగిల్చినట్టే” అన్నారు.

మిగిల్చింది లేదు కానీ, ప్లగ్గు వైర్ల గురించి మాత్రం బాగా నేర్చుకున్నాను. ఈ తొమ్మిదేళ్లలో ఒకే బండికి మూడు రకాల సెట్లు వేశాను. మొదటిది 22 డాలర్లది, రెండోది 38 డాలర్లది, మూడోది 57 డాలర్లది. వాటిలో ఏది నిజంగా చవక అన్నదే ఈ సమీక్ష.

బండి సంగతి ముందు చెప్పాలి. 1994 మోడల్ సీ1500, 5.7 లీటర్ల వీ8 ఇంజను. అమెరికాలో దీన్ని ఇప్పటికీ 350 అనే పిలుస్తారు, ఘనపు అంగుళాల లెక్కన. కార్బ్యురేటర్ ఉండాల్సిన చోట పెట్రోలు చిమ్మే రెండు ఇంజెక్టర్లు కూర్చున్న కాలం నాటిది. ఇందులో ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజను వెనకభాగంలో, డ్యాష్‌బోర్డు గోడకు ఆనుకుని ఉంటుంది. దాని మూత నుంచి ఎనిమిది వైర్లు రెండు వైపులకూ దిగుతాయి. ఆ కరెంటు పుట్టించే కాయిల్ విడిగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి మూతకు తొమ్మిదో వైరు. సెట్టు కొనేటప్పుడు ఈ తొమ్మిదోది పెట్టెలో ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని సెట్లలో ఎనిమిదే ఉంటాయి. నాకు ఆ విషయం ఇంటికొచ్చి పెట్టె విప్పాక తెలిసింది.

వారానికి రెండు మూడు రోజులే తిరుగుతుంది. పెరట్లో గోంగూర, దొండ పాదులకు ఎరువు తేవడం, ఉగాదికి వంట పాత్రలు మోయడం, ఇల్లు మారే స్నేహితుల సామాను చేరవేయడం దీని పని. బరువు ఎక్కువ, తిరిగే దూరం తక్కువ. పైగా హ్యూస్టన్ గాలి ఎప్పుడూ తడిగా ఉంటుంది. ప్లగ్గు వైర్లకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఉండదనుకుంటాను.

మొదటి సెట్టు, 22 డాలర్లది. కొట్టులో కౌంటరు దగ్గరి కుర్రాడు “మీ బండికి ఇది సరిపోతుంది” అన్నాడు, తెచ్చేశాను. 7 మిల్లీమీటర్ల నల్ల వైరు. తొడిగిన రోజు ఇంజను కొత్త బండిలా పాడింది. పాత వైర్లు ఇరవై ఏళ్లవి కాబట్టి ఏది వేసినా పాడేదేనని అప్పుడు తోచలేదు. ఈ సెట్టు పద్నాలుగు నెలలు నడిచింది. ఆగస్టు ఎండలో, నాలుగు బస్తాల ఎరువుతో ఫ్లైఓవరు ఎక్కుతుంటే బండి వణకడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే వైరు బాగానే ఉంది, పోయింది దాని చివరి రబ్బరు తొడుగు. ఈ ఇంజనులో ప్లగ్గులు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు, అంటే వేడి పొగ బయటికి పోయే ఇనుప గొట్టానికి, అంగుళం దూరంలో ఉంటాయి. ఆ వేడికి మామూలు రబ్బరు అప్పడంలా ఎండిపోయి, చీలిపోతుంది. చీలిన చోటి నుంచి కరెంటు ప్లగ్గు కొనకు వెళ్లకుండా పక్కనున్న ఇనుములోకి దూకుతుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. పద్నాలుగు నెలలకు ఆ రబ్బరూ ప్లగ్గు పింగాణీ ఒక్కటైపోయాయి. లాగితే తొడుగు సగం అక్కడే ఉండిపోయింది. మిగతాది చాకు మొనతో గీకి తీశాను.

అప్పుడు నేర్చుకున్నది ఒకటి: తొడుగును ముందు ఇటూ అటూ మెలితిప్పి, పట్టు వదిలాకే లాగాలి. వైరును పట్టుకుని లాగకూడదు. లోపల ఉండేది రాగి తీగ కాదు, కర్బనం పట్టించిన గాజు నార. బయటికి ఏమీ కనిపించదు కానీ లోపల తెగిపోతుంది. ఆ నార ఎందుకంటే, రాగి తీగ వేస్తే ప్లగ్గు వెలిగినప్పుడల్లా రేడియోలో గరగర వస్తుంది, బండి కంప్యూటర్ కూడా తికమక పడవచ్చు. కాబట్టి వైరుకు కొంత నిరోధం కావాలనే ఉంచుతారు. దాన్ని మల్టీమీటరుతో కొలవవచ్చు. తీసేసిన సెట్టును అలా కొలిస్తే ఒక వైరు, దాదాపు అంతే పొడవున్న పక్కదానికి మూడింతలు చూపించింది. అది నేను లాగి చెడగొట్టినదో, వచ్చేటప్పుడే అలా ఉందో తేల్చలేకపోయాను.

రెండో సెట్టు 38 డాలర్లది. “జీవితకాల వారంటీ” అన్న మాట చూసి కొన్నాను. 8 మిల్లీమీటర్లు, ఎర్ర రంగు, తొడుగులు సిలికాన్‌వి. సిలికాన్ వేడిని బాగా ఓర్చుకుంటుంది, అది నిజమే. ఈ సెట్టులో తొడుగులు ఒక్కటీ ఎండిపోలేదు. చిక్కంతా పొడవుతో వచ్చింది. ఒకే పెట్టెను చాలా మోడళ్లకు అమ్మాలని వైర్లను ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పొడవు ఉంచారు. మిగులు వైరు ఎక్కడో ఒకచోట వేలాడుతుంది. వేలాడింది మానిఫోల్డ్ మీద వాలుతుంది. రెండేళ్లలో మూడో నంబరు వైరు, ఆ తరవాత ఆరోది కాలి బొబ్బలెక్కాయి. రెండుసార్లూ కొట్టులో మాట మాట్లాడకుండా కొత్త పెట్టె ఇచ్చారు. ఆ వారంటీ అబద్ధం కాదు. కానీ ప్రతిసారీ ఒక శనివారం పోయింది. వెనక ప్లగ్గులకు పైనుంచి చేయి అందదు. ముందు చక్రం పక్క నుంచి చేయి దూర్చి, కనపడకుండా వేళ్లతో తడిమి తొడగాలి. మోచేతి మీద చర్మం ఎన్నిసార్లు లేచిపోయిందో వారంటీ కాగితంలో ఎక్కడా రాయలేదు.

ఆ సెట్టుతోనే ఇంకో గొడవ మొదలైంది. వర్షం పడ్డ రాత్రుల్లో మళ్లీ మిస్సింగ్. ఈసారి మిస్సింగ్ కన్నా తన్నినట్టు ఒక కుదుపు, లోపల టక్కుమన్న శబ్దం. కొత్త వైర్లు వేసినా పోలేదు. 1994 బండి కంప్యూటర్ ఏ సిలిండరు పని చేయడం లేదో చెప్పదు. ఆ సౌకర్యం 1996 నుంచి వచ్చిన బండ్లకే. అందుకని పాతకాలపు పద్ధతి పట్టాను. రాత్రి గ్యారేజీలో దీపాలు ఆర్పి, ఇంజను నడుస్తుండగా మొక్కలకు నీళ్లు చల్లే సీసాతో వైర్ల మీద తుంపర కొట్టాను. కరెంటు కారుతుంటే చీకట్లో నీలి మెరుపులు కనిపిస్తాయి. చేతులు మాత్రం దూరంగా ఉంచాలి. ఆ వైర్లలో ఉండేది 20,000 వోల్టులకు పైమాట. నా పరీక్షలో ఒక్క మెరుపూ లేదు. వైర్లు శుభ్రంగా ఉన్నాయి.

తప్పు నాదని తెలియడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఈ ఇంజను ప్లగ్గులు వెలిగే క్రమం 1-8-4-3-6-5-7-2. ఐదు వెలిగిన వెంటనే ఏడు. ఆ రెండు సిలిండర్లూ డ్రైవరు వైపునే, పక్కపక్కనే ఉంటాయి. వాటి వైర్లను పక్కపక్కన ఆనించి పరిస్తే, ఐదో వైరులో కరెంటు పారినప్పుడు ఏడో వైరులో కూడా కొంత పుట్టుకొస్తుంది. ఏడో సిలిండరు అప్పటికే పెట్రోలు పీల్చి బిగిస్తూ ఉంటుంది. ఆ కాస్త కరెంటుకే అది వేళకు ముందు అంటుకుంటుంది. షెవర్లే వీ8 మీద పనిచేసిన ప్రతి పాత మెకానిక్కుకూ తెలిసిన సంగతి ఇది. నాకు తెలియక, చూడటానికి ముచ్చటగా ఉంటుందని ఆ రెండు వైర్లనూ కలిపి ప్లాస్టిక్ పట్టీతో బిగించాను. మొదటి సెట్టు వేసిననాటి నుంచీ అలాగే చేస్తున్నాను. పట్టీ తెంచి, వైర్లను విడదీసి, మధ్యలో మూడో నంబరుకు వెళ్లే వైరు పోనిచ్చాను. కుదుపు ఆ రోజుతో పోయింది.

కాబట్టి 22 డాలర్ల సెట్టును నేను తిట్టిన తిట్లలో సగం నాకే చెందాలి. అయినా దాని తొడుగులు అప్పడాలైన మాట అబద్ధం కాదు, మళ్లీ కొనను.

మూడోది ఏసీడెల్కో వారి సెట్టు, 57 డాలర్లు. 2020 వేసవిలో వేశాను. జనరల్ మోటార్స్ బండ్లకు విడిభాగాల పేరు అదే కాబట్టి ముందే దీన్ని కొనవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 22కూ 57కూ మధ్య 35 డాలర్ల తేడా నన్ను నాలుగేళ్లు ఆపింది. ఆ నాలుగేళ్లలో వైర్ల మీద పెట్టిన మొత్తం 60 డాలర్లు. శనివారాల ఖరీదు కలపలేదు.

ఈసారి కొనే ముందు కౌంటరు మీదే పెట్టె విప్పించాను. కుర్రాడు విచిత్రంగా చూశాడు, చూడనీ. తొమ్మిది వైర్లనూ పొడవు ప్రకారం పరిచాను. ఇంట్లో నూలు దారంతో కొలిచి తెచ్చుకున్న కొలతలతో పోల్చాను. ఒక్కొక్కటి చేతి వెడల్పు లోపే ఎక్కువ ఉంది, అంతే కావాలి. తొడుగును నొక్కితే మెత్తగా లోపలికి వెళ్లి తిరిగి నిలబడింది. తిన్నటి తొడుగు ఎక్కడ, వంగిన తొడుగు ఎక్కడ అన్నది పాత వైర్లతో సరిగ్గా కలిసింది. లోపలి ఇత్తడి పట్టును ఒక పాత ప్లగ్గు మీద నొక్కి చూస్తే టిక్కున చప్పుడుతో కూర్చుంది. ఈ చప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. అది వినిపించకుండా కూర్చున్న వైరు పది రోజుల్లో వదులవుతుంది. మందం, రంగు నేను పట్టించుకోలేదు. 7 మిల్లీమీటర్ల మంచి వైరు 8.5 మిల్లీమీటర్ల అందమైన వైరుకన్నా నాకు పనికొచ్చింది. పందేల బండి నడిపేవారి సంగతి వేరు.

వేసేటప్పుడు ఒకటి తీసి, దాని స్థానంలో ఒకటి పెట్టుకుంటూ వెళ్లాను. అన్నీ ఒకేసారి పీకితే ఆ క్రమం మళ్లీ కూర్చడానికి పంచాంగం తిరగేయాలి. తొడుగు లోపల కొంచెం సిలికాన్ గ్రీజు రాశాను, అంటుకుపోకుండా. ప్లగ్గులు కూడా అప్పుడే మార్చి, నిప్పురవ్వ దూకే సందు 0.035 అంగుళాలు పెట్టాను. డిస్ట్రిబ్యూటర్ మూత, దాని లోపల తిరిగే రోటరు కూడా మార్చాను. మూతలో అల్యూమినియం మొనలవి, ఇత్తడి మొనలవి రెండు రకాలు దొరుకుతాయి. హ్యూస్టన్ లాంటి ఊళ్లో అల్యూమినియం తెల్లగా బూజు పడుతుంది. ఇత్తడిది నాలుగైదు డాలర్లు ఎక్కువ, దానికే వెళ్లండి.

ఐదేళ్లు దాటింది, 31,000 మైళ్లు తిరిగింది. ఒక్కరోజు కూడా మిస్సింగ్ లేదు. ప్రతి సంవత్సరం దీపావళి ముందు మీటరు పెట్టి కొలుస్తాను. కొత్తలో తలుపు లోపలి భాగం మీద పెన్సిలుతో రాసుకున్న అంకెలకూ ఇప్పటి అంకెలకూ తేడా పదిశాతం లోపే. తొడుగులు ఇంకా మెత్తగా ఉన్నాయి. వాన రాత్రుల్లో బండి మొదటి తిప్పుకే లేస్తుంది. ఈ మధ్యలో ఒక వైరు మాత్రం పోయింది, అదీ నా చేతిలోనే. ఆరో నంబరు ప్లగ్గు చూద్దామని తొందరలో తొడుగు తిప్పకుండా వైరు పట్టుకుని లాగాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనే పైన నీతులు చెప్పాను కదా.

పెట్రోలు ఖర్చు తగ్గిందా అని అడిగేవారికి: లేదు. మిస్సింగ్ ఉన్న బండిలో వైర్లు మారిస్తే తగ్గుతుంది, బాగున్న బండిలో ఏ వైరు వేసినా తగ్గదు. పెట్టె మీద ఎన్ని గుర్రాల బొమ్మలున్నా అంతే. ఒక్కటి గుర్తుంచుకోండి. మిస్సింగ్‌తో నెలల తరబడి తిప్పితే కాలని పెట్రోలు పొగ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి, అక్కడ మండి, దాన్ని కాల్చేస్తుంది. దాని ధరతో ఇలాంటి వైర్ల సెట్లు అరడజను వస్తాయి.

తక్కువ తిరిగే పాత బండికి, ఇంట్లోనే పని చేసుకునేవారికి నా సలహా 50–60 డాలర్ల సెట్టే. అమ్మేయాలనుకుంటున్న బండి అయితే 22 డాలర్లది వేసి సాగనంపండి, తప్పు లేదు. మధ్యలోని వారంటీ సెట్టు మాత్రం మెకానిక్కు పక్కింట్లో ఉన్నవారికే.

మొన్న అదే సెట్టు ధర చూస్తే 70 డాలర్లు దాటింది. అయినా ఒకటి కొని గ్యారేజీలో పెట్టాను. రెండో సెట్టులో కాలకుండా మిగిలిన పొడవైన వైర్లు రెండు ఇప్పటికీ సీటు కింద ఉన్నాయి. అంత పొడవున్నవి దారిలో ఏ సిలిండరుకైనా అందుతాయి. మా నాన్న లారీ సీటు కింద ఫ్యాను బెల్టు, ఒక బొంత ఎప్పుడూ ఉండేవి. నా ట్రక్కులో బొంత లేదు.